తోట మన్ను పరీక్ష

(ప్రపంచ మృత్తికా దినమగు డిసెంబరు 5వ తేదీన మన పాఠశాలలో విద్యార్థులకును, తల్లిదండ్రులకును ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

నేడు ప్రపంచ మృత్తికా దినము. ఐక్యరాజ్యసమితి నిర్ణయము ననుసరించి 2014వ సంవత్సరము నుండి డిసెంబరు 5వ తేదీ ఈ పేర జరుపబడుచున్నది. మన హోసూరు సీమలో ఇది రాగి కోతలు ముగియుచు, అనపకాయలు కాపునకు వచ్చు కాలము. చేతిపని కొంత తగ్గి మట్టిని గూర్చి తీరికగా ఆలోచించుటకు అనువైన కాలము. ఇట్టి దినమున భూమాతను పొగడి, చప్పట్లు కొట్టి, ఎవరి యింటికి వారు పోవుట మాకు తృప్తికరముగా తోచలేదు. ఈ పాఠశాల వెనుకనున్న ఐదు సెంట్ల తోటలోని మన్నును ఎట్లు పరీక్షింపవలెనో, ఆ పరీక్ష మనకేమి చెప్పునో, ఏమి చెప్పజాలదో, ఈ మూడు సంగతులను మీ ముందుంచ దలచితిమి.

ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము కలదు. గడచిన వానకాలమున మన తోటలో తూర్పుగోడ ప్రక్క మడిలో వేసిన వేరుసెనగయు, చిక్కుడును మొలచిన నెల దినములకే పాలిపోయినవి. అదే దినమున, అదే విత్తనముతో, అదే నీటితో వేసిన నడిమి మడి మాత్రము పచ్చగా నుండెను. చూచినవారు తలకొక మాట చెప్పిరి. ఒకరు యూరియా చల్లుడనిరి. ఒకరు పొయ్యి బూడిద చాలుననిరి. ఒకరు నీరెక్కువైనదనిరి. దిష్టి తగిలినదన్నవారును లేకపోలేదు. అందరును తోటమీది ప్రేమతో చెప్పినవారే. కాని ఒకే రోగికి నలుగురు నాలుగు మందులు చెప్పినప్పుడు నాలుగును కలిపి త్రాగించుట వైద్యము కాదు; మొదట నాడి చూడవలెను. మట్టికి నాడి చూచుటయే మట్టి పరీక్ష.

ఐదు సెంట్ల తోటకు ఇంత ఆలోచన యేల యని కొందరికి తోచవచ్చును. ఈ తోటలోని కూరగాయలు మధ్యాహ్న భోజనములో పిల్లల పళ్లెములలోనికి వచ్చుచున్నవి, అది యొకటి. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఇక్కడ నలుగురు చెప్పిన నాలుగు మాటలే మీ పొలముల గట్లమీదను ప్రతి యేడు వినబడుచున్నవి. ఇక్కడ తప్పిన పోవునది గుప్పెడు ఎరువు. అక్కడ తప్పిన పోవునది అంగడిలో అప్పుగా తెచ్చిన సంచి, పంట వచ్చినపుడు తీర్చవలసిన బాకీ, ఆ బాకీలోనుండి కట్టవలసిన పిల్లవాని చదువు. అడుగక వేసిన ఎరువు గాలిలో దీపము పెట్టినట్టిది. కావున పిల్లలు ఇక్కడ నేర్చునది ఇంటికి పోయి పనికివచ్చు విద్య.

మొక్కకు గాలి, నీరు, వెలుతురు గాక మట్టినుండి అనేక పదార్థములు కావలెను. వానిలో నత్రజని, భాస్వరము, పొటాషు ఎక్కువ పరిమాణమున కావలసినవి. సున్నపు ధాతువగు కాల్షియము, మెగ్నీషియము, గంధకము వాని తరువాతివి. ఇనుము, జింకు, రాగి, మాంగనీసు, బోరాను మొదలగునవి చిటికెడంత కావలెను. కాని ఆ చిటికెడు లేకున్నను పంట నిలువదు. ఏది తక్కువయో దానినిబట్టియే పంట పెరుగునను నియమమును జర్మనీ దేశపు కార్ల్ స్ప్రెంగెల్ 1828 ప్రాంతమున చెప్పెను. 1840 తరువాత లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని లోకమున వ్యాపింపజేసెను. మన రైతులకు ఈ నియమము క్రొత్తగా తోపదు. మడిగట్టు మూడు ప్రక్కల మోకాలెత్తున నుండి, నాలుగవ ప్రక్క ఒకచోట జానెడే యున్నచో, మడిలో నీరు జానెడే నిలుచును. మిగిలిన మూడు ప్రక్కల ఇంకను మన్ను వేసి ఎత్తు చేసిన ప్రయోజనమేమి? ఎరువు సంగతియు నిట్టిదే. తక్కువైనది ఇనుము కాగా నత్రజని పోయుట ఎత్తుగానున్న గట్టుమీద మన్ను వేయుటయే.

ఇందు ఇంకొక సూక్ష్మము కలదు. మట్టిలో ఒక పదార్థము ఉండుట వేరు, అది మొక్కకు అందుట వేరు. పెట్టెలో పైకము కలదు, తాళపుచెవి పోయినది; అప్పుడు ఇంట ధనమున్నను అంగడికి పోలేము. మన ఎర్రమన్నుకు ఆ రంగు వచ్చినదే ఇనుము వలన. అట్టి ఎర్రమన్నులో మొలచిన మొక్క ఇనుము లేక పాలిపోవుట వింతగా తోచును. కాని అట్లు జరుగుచున్నది. మట్టిలో క్షారగుణము హెచ్చినచో ఇనుము కరగని రూపమున బిగిసిపోయి వేళ్లకు చిక్కదు. కావుననే పరీక్షాశాలలవారు మట్టిలో మొత్తము ఎంత యున్నదో గాక, మొక్కకు అందునది ఎంతయో తెలిసికొనుటకు వేరువేరు ద్రావకములతో మట్టిని కలిపి, అందు దిగినదానిని కొలుచుదురు.

మన దేశమున మట్టి పరీక్షాశాలలు ఒక క్రమముగా నెలకొనినది 1955-56లో. అమెరికా సహకారముతో మొదట 16 పరీక్షాశాలలు ఏర్పడినవి. మట్టిలో మొక్కకందు నత్రజనిని అంచనా కట్టుటకు సుబ్బయ్య, అసిజా అను నిద్దరు భారతీయ శాస్త్రజ్ఞులు 1956లో ప్రకటించిన పద్ధతి నేటికిని మన పరీక్షాశాలలలో వాడబడుచున్నది. 2015 ఫిబ్రవరి 19వ తేదీన రాజస్థానములోని సూరత్‌గఢ్‌లో కేంద్ర ప్రభుత్వము భూసార పత్ర పథకమును ప్రారంభించెను. ఆ పత్రమున 12 అంశములుండును: ఉదజని సూచిక, లవణ పరిమాణమును తెలుపు విద్యుద్వాహకత, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను. మన పొరుగున కర్ణాటకములో కోలారు మొదలగు జిల్లాలలో 2009 నుండి పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ సాయముతో భూచేతన యను పథకము నడచెను. అక్కడ రైతుల పొలములనుండి తీసిన మట్టిని పరీక్షింపగా, గంధకము, జింకు, బోరాను అనేక పొలములలో తక్కువగా నున్నట్లు తేలెను. ఏటేటా నత్రజని, భాస్వరములు వేయుచున్నవారికి ఈ మూడింటి పేరే తోచియుండదు. అడిగినప్పుడే మట్టి ఆ మాట చెప్పినది.

ఇక పరీక్ష మాటకు వత్తుము. పరీక్షాశాలలో యంత్రములున్నవి, చదివినవారున్నారు. తప్పు అక్కడ జరుగుననియే అందరు అనుకొందురు. కాని ఎక్కువ తప్పు జరుగునది పొలములో, మట్టి తీయు చేతిలో. ఒక చిన్న లెక్క చూడుడు. ఐదు సెంట్లనగా ఇంచుమించు 200 చదరపు మీటర్లు. దానిపై 15 సెంటీమీటర్ల లోతు మన్ను బరువు కట్టిన సుమారు 45,000 కిలోలగును. అందు మనము పరీక్షాశాలకు పంపునది అరకిలో. అనగా 90,000 పాళ్లలో ఒక పాలు. ఆ అరకిలోలో వారు ఒక్కొక్క పరీక్షకు తీసికొనునది ఒక గ్రాము మొదలు ఇరువది గ్రాముల వరకే. ఆ చిటికెడు మన్ను తోట కంతటికి సాక్ష్యము చెప్పవలెను. దొంగ సాక్షిని పంపి న్యాయాధిపతిని నిందించిన లాభమేమి? కావున బాలబాలికలారా, ఈ భాగమును శ్రద్ధగా వినుడు. ఇది మీ చేతి పని.

మొదట తోటను నడచి చూడుడు. రంగు, వాలు, పంట, పూర్వపు ఎరువు ఒకే తీరుగా నున్నంతవరకు ఒక భాగము. తేడా యున్నచో వేరొక భాగము. దానికి వేరొక సంచి. గట్టుమీదను, కాలువ ప్రక్కను, పెంటదిబ్బ యున్నచోటను, చెట్టు నీడను, ఇటీవల ఎరువు వేసినచోటను మన్ను తీయరాదు. ఒక్కొక్క భాగములో వంకరటింకరగా నడచుచు ఎనిమిది, పది చోట్ల గురుతు పెట్టుడు. ఎకరము పొలమైనచో పది, పదునైదు చోట్లు కావలెను. పైనున్న ఆకు, గడ్డి తీసివేయుడు. మన్నును మాత్రము గీకివేయకుడు. పారతో ఇంగ్లీషు వీ అక్షరమువలె 15 సెంటీమీటర్ల లోతు గుంట తీయుడు. అది ఆరంగుళములు, అనగా రెండు బెత్తెలు. గుంటలోని మన్నును పారవేసి, గుంట ప్రక్కనుండి పైనుండి అడుగుదాక బొటనవ్రేలి మందమున ఒక చెక్క తీయుడు. పైమన్నే తీసిన ఎరువు హెచ్చుగా కనబడును. అడుగు మన్నే తీసిన తక్కువగా కనబడును. ఇనుము, జింకు మొదలగు సూక్ష్మ పదార్థములను పరీక్షింపవలసినప్పుడు త్రుప్పు పట్టిన పార తగిలిన మన్నును కఱ్ఱముక్కతో గీకి తొలగింపవలెను. మామిడి, జామ వంటి చెట్లకు వేళ్లు లోతుగా పోవును గనుక మూడడుగుల వరకు అడుగడుగునకు వేరువేరుగా మన్ను తీయుదురు.

అన్ని చోట్ల తీసిన మన్నును శుభ్రమైన గుడ్డమీద పోసి, గడ్డలు చిదిపి, రాళ్లు, వేళ్లు ఏరి, బాగుగా కలుపుడు. గుండ్రముగా పరచి, రెండు గీతలు గీచి నాలుగు పాళ్లు చేయుడు. ఎదురెదురు పాళ్లు రెండు తీసివేసి, మిగిలిన రెండు మరల కలుపుడు. అరకిలో మిగులు వరకు ఇట్లు చేయవలెను. ఇందు బుద్ధికి పనియేమి యని అనుకొనకుడు. మంచి మన్ను ఏరి పంపవలెనను ఆశను అణచుటకే ఈ పద్ధతి ఏర్పడినది. పిదప మన్నును నీడలో ఆరబెట్టవలెను. ఎండలో గాని, పొయ్యిమీద గాని ఆరబెట్టరాదు. శుభ్రమైన గుడ్డసంచిలో పోయవలెను. ఎరువు వచ్చిన సంచిలో పోసితిమా, పరీక్ష జరుగునది మట్టికి కాదు, ఆ సంచికి. పేరు, స్థలము, ఏ భాగము, ముందు వేసిన పంట, వేయదలచిన పంట, నీటి వసతి, తేదీ పెన్సిలుతో వ్రాసి ఒక చీటి లోపల, ఒక చీటి వెలుపల ఉంచుడు. కోత అయిన పిదప, ఎరువు వేయకముందు మన్ను తీయుట ఉత్తమము. రెండు మూడేండ్లకొకసారి తీసిన చాలును.

సంచిని పంపిన తరువాత చేతులు కట్టుకొని కూర్చుండ నక్కరలేదు. పాఠశాలలోనే చేయదగిన చిన్న పరీక్షలు కొన్ని కలవు. గాజుసీసాలో మూడవ వంతు మన్ను పోసి, నీరు నింపి, బాగుగా కదిలించి నిలుపుడు. ఒక్క నిమిషములో ఇసుక అడుగున చేరును. కొన్ని గంటలలో ఒండ్రు దానిపై కూర్చుండును. బంకమన్ను మరునాటికిని నీటిలో తేలుచుండును. పొరల మందము కొలిచినచో నేల స్వభావము తెలియును. మన్నుమీద నాలుగు చుక్కలు ఘాటైన వినిగరు వేసి చూడుడు. నురుగు వచ్చినచో అందు సున్నము కలదు. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన కాగితమును తడిమన్నుకు తాకించిన, ఎర్రబడినచో క్షారము బలముగా నున్నదన్నమాట. ఎర్రబడనంత మాత్రమున మట్టి సమముగా నున్నదని నిర్ణయింపరాదు. స్వల్ప భేదము నది చూపజాలదు. ఇవి మూడును పరీక్షాశాలకు బదులు కావు, పరీక్షాశాలను ఏమి అడుగవలెనో నేర్పు సాధనములు. కేంద్రీయ, నవోదయ విద్యాలయములలో 2023-24 నుండి విద్యార్థులచేతనే మట్టిని పరీక్షింపజేయు కార్యక్రమము ఆరంభమైనది. మనకు యంత్రములు లేకపోవచ్చును. పార, గుడ్డ, సీసా, పసుపు కలవు. ఆరంభమునకు అవి చాలును.

మన తోటలో పిల్లలు రెండు సంచులు కట్టిరి: ఒకటి నడిమి మడిది, ఒకటి గోడప్రక్క మడిది. పైకి రెండు మళ్లును ఒకే ఎర్రమన్ను. కాని వినిగరు వేసినపుడు నడిమి మడి మన్ను ఊరకుండెను. గోడప్రక్క మన్ను బుసబుస పొంగెను. పాత గచ్చుగోడను పడగొట్టి క్రొత్తగోడ కట్టినపుడు సున్నపు పెళ్లలు అక్కడనే మట్టిలో కలిసిన సంగతి పెద్దలు కొందరు అప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. పరీక్షాశాల నుండి వచ్చిన పత్రము ఆ మాటనే అంకెలలో చెప్పినది. ఉదజని సూచిక నడిమి మడిలో 6.8, గోడప్రక్క 8.4. ఈ సూచికలో 7 సమము. అంతకు తగ్గిన ఆమ్లము, హెచ్చిన క్షారము. ఒక్కొక్క అంకెకు పదిరెట్ల భేదము గనుక ఇది చిన్న తేడా కాదు. మొక్కకందు ఇనుము గోడప్రక్క మడిలో పదిలక్షల పాళ్లకు 2.9 పాళ్లు మాత్రమే, 4.5 కంటె తక్కువైన కొరత యందురు. నత్రజని మాత్రము రెండు మళ్లలోను తక్కువే.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. గోడప్రక్క మడి పత్రము నొక్కదానినే చూచినవాడు, నత్రజని తక్కువ గనుక ఆకు పాలిపోయినదని తేల్చివేయును. కాని నత్రజని పచ్చగానున్న మడిలోను తక్కువే కదా. రెండింటను సమానముగానున్న లోపము రెండింటి భేదమునకు కారణము కాజాలదు. ఆకులును అదే చెప్పినవి. నత్రజని తక్కువైన మొక్క ముదురాకులలోనిదానిని లేతాకులకు పంపును. అందుచే ముదురాకులు ముందు పాలిపోవును. ఇనుము అట్లు కదలదు. అది తక్కువైన లేతాకులే ముందు పాలిపోయి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. మన చిక్కుడు లేతాకులు ఇట్లే యుండెను. యూరియా చల్లియుండినచో ఖర్చు వృథా యగును. బూడిద క్షారము గనుక చల్లియుండినచో వ్యాధి ముదురును. నీరెక్కువైనదన్న మాటలో కొంత నిజము కలదు. సున్నపు నేలలో నీరు నిలిచిన ఇనుము ఇంకను చిక్కదు. రెండు సంచులును కలిపి ఒకటిగా పంపియుండినచో ఏదో మధ్యస్థమగు అంకె వచ్చి, వ్యాధి ఆ అంకెలో దాగియుండెడిది.

చికిత్స స్వల్పమైనది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంకాలము ఆకులమీద చల్లితిమి. వారము తరువాత మరల చల్లితిమి. క్రొత్తగా వచ్చిన ఆకులు పచ్చగా వచ్చినవి. ఇది ఆ పంటకు మాత్రమే ఉపశమనము. నేల గుణము మారవలెనన్న పెళ్లలు ఏరివేయవలెను, ఏటేట మాగిన పశువుల ఎరువు వేయవలెను. పిల్లలు ఇప్పటికి గంపలకొలది పెళ్లలు ఏరిరి.

పత్రములోని అంకెలను చదువుట తల్లిదండ్రులకును తెలిసియుండవలెను. సాధారణముగా సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తక్కువైన తక్కువ, 0.75 కంటె హెచ్చైన ఎక్కువ. హెక్టారుకు నత్రజని 280 కిలోలకు లోబడిన తక్కువ, 560 దాటిన ఎక్కువ. భాస్వరము 10కి లోబడిన తక్కువ, 25 దాటిన ఎక్కువ. పొటాషు 108కి లోబడిన తక్కువ, 280 దాటిన ఎక్కువ. పరీక్షాశాలను బట్టి ఈ హద్దులు కొంచెము మారును గనుక పత్రము మీద ముద్రించిన హద్దులనే చూడవలెను. తక్కువయని యున్నచోట సిఫారసుకంటె కొంత హెచ్చు వేయుదురు. ఎక్కువయని యున్నచోట తగ్గింతురు. తగ్గించుమని చెప్పు పత్రము కూడ లాభము చెప్పు పత్రమే. ఆ మిగిలిన పైకము మీది.

సిఫారసులు హెక్టారులలో వచ్చును, మన తోటలు సెంట్లలో నుండును. పిల్లలు ఈ లెక్క ఇంట చేయవలెను. హెక్టారుకు 247 సెంట్లు. ఐదు సెంట్లు ఇంచుమించు ఏబదవ వంతు. ఒక కూరగాయకు హెక్టారుకు 50 కిలోల నత్రజని చెప్పిరనుకొందము. మనకు ఒక కిలో చాలును. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గనుక, 2 కిలోల 170 గ్రాముల యూరియా సరిపోవును. అదియు ఒకేసారి గాక రెండు మూడు విడతలుగా. ఎకరమునకైనచో 20 కిలోల నత్రజని. 2018 నుండి యూరియా సంచి 45 కిలోలు. అందు నత్రజని 20.7 కిలోలు. అనగా ఎకరమునకు ఒక్క సంచి. రెండు సంచులు వేయువాడు రెండవ సంచిని ఎవరికొరకు వేయుచున్నాడు? కొంత వానకు కొట్టుకొనిపోవును, కొంత గాలిలో కలియును, కొంత బావినీటిలో దిగును. మిగిలినది ఆకును మెత్తబరచి పురుగును పిలుచును. అట్లే హెక్టారుకు 25 టన్నుల పశువుల ఎరువు అన్నచో మన తోటకు 500 కిలోలు.

పరీక్ష చెప్పజాలనివియు కలవు. వాన వచ్చునో రాదో అది చెప్పదు. విత్తనము మంచిదో కాదో, పురుగు పట్టునో లేదో చెప్పదు. కలుపు తీయని మడికి ఏ పత్రమును సాయపడదు. నత్రజని వానతోను, ఎండతోను మారుచుండును గనుక దాని అంకె మిగిలినవానివలె స్థిరమైనది కాదు. వానపాములు, మట్టిలోని సూక్ష్మజీవులు ఎట్లున్నవో ఆ పండ్రెండు అంశములలో సేంద్రియ కర్బనము ఒక్కటియే కొంత సూచించును. కావున రైతు కన్నును పత్రము త్రోసివేయదు. పత్రము కన్నుకు తోడు. గోడప్రక్క మడి వేరని మొదట చెప్పినది కన్నే. ఎందుకు వేరో చెప్పినది పరీక్ష.

చివరగా ఒక్క మాట. ఈ సీమలో తరతరములుగా నిలిచిన మన తెలుగువారికి మట్టిని గూర్చిన మాటలకు కొదువ లేదు. ఎర్రమన్ను, నల్లరేగడి, గరువు, చౌడు, ఒండ్రు, మొరము అను ఒక్కొక్క మాటలో ఒక్కొక్క పరీక్ష యిమిడియున్నది. వెనుకటివారు చౌడుమన్నుతో బట్టలుతికిరన్న, అందలి క్షారమును ఏ యంత్రము లేకయే కనిపెట్టిరన్నమాట. ఆ మాటలు మీ అవ్వతాతల నోట కలవు. వానిని అడిగి వ్రాసికొనుడు. మట్టి పరీక్షా పత్రము రాష్ట్ర భాషలో వచ్చినను, ఇంగ్లీషులో వచ్చినను, దానిని చదివి అవ్వకు, తాతకు తెలుగులో అర్థమగునట్లు చెప్పగలవారు మీరే. అవ్వ చెప్పిన చౌడు నేల యను మాటను పత్రములోని 8.4 అను అంకెతో జోడింపగలవారును మీరే. రెండు భాషలు, మూడు భాషలు నేర్చిన పిల్లవాడు ఇంటికి చేయగల సేవ ఇంతకంటె వేరేమి కావలెను?

తల్లిదండ్రులారా, మేము మిమ్ము కోరునది పెద్దది కాదు. ఈ రాగి కోతలు ముగిసిన పిదప, తరువాతి పంటకు ఎరువు తేకముందు, మీ పిల్లవాని చేతికి పార యిచ్చి ఒక్క పూట పొలములో తిరుగనిండు. వాడు పది చోట్ల తీసిన మన్నును ఒక సంచిలో కట్టి పాఠశాలకు పంపుడు. సంచులన్నిటిని కలిపి మట్టి పరీక్షా కేంద్రమునకు చేర్చు బాధ్యత ఉపాధ్యాయులమగు మాది. పత్రములు వచ్చిన దినమున మరల ఇచ్చటనే కూడి, ఒక్కొక్కటిగా చదువుకొందము. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనవారి సామెత. భూమిని తల్లి యనుచున్నాము. ఆమెను ఏమి కావలెనని మనమును ఒకసారి అడుగుట ధర్మము.